సైకిలు దిగేది లేదు

గండికోటకు డబ్బు వచ్చింది. 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం గండికోట పర్యాటకానికి 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఇది దానం కాదు. 50 ఏళ్ల గడువుతో రాష్ట్రానికి ఇచ్చిన వడ్డీలేని అప్పు. ఇప్పుడు మన బళ్లో ఒకటో తరగతి చదివే పిల్లలు తాతలు, అవ్వలు అయ్యేదాకా ఆ అప్పులో వాళ్లకూ వాటా ఉంటుంది. మరి ఆ కొండ మీద వాళ్లకు వాటా ఏంది? మా ప్రశ్న ఇదే.

శని, ఆదివారాల్లో బెంగుళూరు నుంచి, హైదరాబాదు నుంచి కార్లు వస్తున్నాయి. కొందరు కారు వెనక కొండసైకిళ్లు కట్టుకొని వస్తున్నారు. లావుపాటి టైర్లు, గేర్లు, ముందు చక్రానికి షాక్ అబ్జార్బర్లు, నెత్తిన హెల్మెట్టు. రాళ్లల్లో, వంకల్లో తొక్కుతారు. దీనికి సాహస క్రీడ అని పేరు. మేము ఈ ఆటకు వ్యతిరేకం కాదు. కొండెక్కాలి, ఒళ్లు అలిసేదాకా తిరగాలి అనుకోవడం మనిషికి సహజం. ఆ కోరిక మన పిల్లలకు కూడా ఉంటుందని మాత్రం ఎవరికీ తోచదు. మన పిల్లోడు అక్కడ కనపడితే కార్లకు కాపలా కాస్తూనో, వాళ్లు పారేసిన నీళ్ల సీసాలు ఏరుకుంటూనో కనపడాలి. అంతే!

ముందు ఆ దోవల సంగతి చూద్దాం. ఎర్రమల కొండల్ని పెన్న నిలువునా కోసుకొని పారిన చోటే ఈ గండి. గోడలు ఎర్రటి గట్టిరాయి, లోతు 300 అడుగుల దాకా. కొండ దిగితే నేలంతా సున్నపురాయి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల మొదలుకొని కొలిమిగుండ్ల, బనగానపల్లె, బేతంచెర్ల దాకా నాపరాయి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, సిమెంటు ఫ్యాక్టరీలు. ఆ సున్నపురాయిని నీళ్లు తొలిస్తేనే బెలుం గుహలు ఏర్పడినాయి. 1884లో బ్రూస్ ఫూట్ దొర వాటి గురించి రాసినాడు. 1982, 83లలో జర్మనోళ్లు వచ్చి కొలిచినారు. పొడవు 3,229 మీటర్లు అని తేలింది. మంచిదే. అయితే ఆ గుహ నోరు ఊరోళ్లకు ముందునుంచీ తెలుసు. మేకలు తోలేవాళ్లు కనుక్కున్నది కనుక్కున్నట్టు కాదు, దొర రాసినదే లెక్క!

కోట చరిత్ర కూడా అంతే. పెమ్మసాని నాయకుల పేరుంది, 1652లో కోటను పట్టిన మీర్ జుమ్లా పేరుంది. ఆ బండలు మోసి గోడ లేపిన మనుషుల పేరు ఒక్కటీ లేదు. ఈ రోజు సైకిళ్లు దొర్లే కాలిబాటలు కూడా ఎవరో ఇంజనీరు గీసినవి కాదు. మేకలోళ్లు, కట్టెలమోపు ఎత్తుకున్న ఆడోళ్లు, గనికి పోయే మాల, మాదిగ, వడ్డె, బోయ కూలీలు నడిచి నడిచి పడిన దోవలు. గని కూలీలు సైకిళ్ల మీదనే పోయినారు. క్యారియరుకు సమ్మెట, గడ్డపార కట్టి, హ్యాండిలుకు సద్దిక్యారీరు తగిలించుకొని రాళ్ల దోవల్లో తొక్కినారు. గేర్లు లేవు. బ్రేకు పట్టకపోతే చెప్పుకాలే బ్రేకు. దాన్ని సాహసమని ఎవరూ అనలేదు, ఎవరూ ఫోటో తీయలేదు. మనం తొక్కితే బతుకుదెరువు, వాళ్లు తొక్కితే సాహసమా?

అసలు ఆ సైకిలెక్కడమే మనకు ఎంత పోరాటమో ఈ తరం పిల్లలకు చెప్పాలి. మా నాయనల కాలంలో మాలవాడ, మాదిగవాడ నుంచి సైకిలు మీద బయలుదేరినోడు పెద్దోళ్ల వీధి మొదట్లోనే దిగాలి. చెప్పులు చేత్తో పట్టుకోవాలి. రచ్చబండ దాటేదాకా నెట్టుకుంటూ పోవాలి. దిగకపోతే "ఏంరా, కండ్లు నెత్తికెక్కినాయా?" అని అడిగేటోళ్లు. ఆ మాట తర్వాత దెబ్బలు. సైకిలు పాతదైనా సొంత డబ్బుతో కొన్నదే. దోవ ప్రభుత్వానిది. దిగమనే హక్కు మాత్రం కులానిది! చదువుకున్నోళ్లం, సర్కారీ నౌకరీ ఉన్నోళ్లం కూడా ఈ చూపుల్ని దాటుకొనే వచ్చినాము.

ఇది ఒక్క మన సీమలో జబ్బు కాదు. 1929లో బాబాసాహెబ్ అంబేద్కర్ చాలీస్‌గాంలో రైలు దిగితే, ఆయన్ని ఎక్కించుకొని తోలడానికి ఒక్క టాంగావాలా ఒప్పుకోలేదు. మన మనుషులు టాంగా తెచ్చి, తోలడం అలవాటు లేనివాడితో తోలిస్తే అది తిరగబడింది. బారిస్టరు చదివిన మనిషి రాతినేల మీద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. 2018 మార్చిలో గుజరాత్ భావనగర్ జిల్లాలో గుర్రం పెంచుకొని స్వారీ చేసిన దళిత యువకుడు హత్యకు గురైనాడు. 90 ఏళ్లలో ఏం మారింది? మనం ఏదైనా ఎక్కి కూర్చుంటే వాళ్లకు కింద నేల కదిలిపోతుంది.

అందుకే చట్టం కూడా సైకిలు పేరు రాయాల్సి వచ్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినారు. 2016 జనవరి 26 నుంచి అది అమల్లోకి వచ్చింది. సెక్షన్ 3(1) జెడ్ఏ చదవండి. బహిరంగ స్థలాల్లో దళితుడు సైకిలు గానీ మోటారుసైకిలు గానీ ఎక్కకుండా, చెప్పులు, కొత్తబట్టలు వేసుకోకుండా అడ్డుకుంటే నేరం. పెళ్లి ఊరేగింపులో గుర్రం ఎక్కనీయకపోతే నేరం. రోడ్డు, దోవ, ఏరు, చెరువు, ఊరుమ్మడి వనరులు అందరితో సమానంగా వాడుకోనీయకపోతే నేరం. 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా శిక్ష. స్వాతంత్ర్యం వచ్చిన 68 ఏళ్లకు పార్లమెంటు కూర్చొని "వీళ్లను సైకిలెక్కనీయండి" అని రాయవలసిన దేశం ఇది. ఆ సెక్షన్ ప్రతి వాడలో ఒకరికైనా నోటికి రావాలి.

కొండసైకిలు 1970లలో అమెరికాలో, కాలిఫోర్నియా కుర్రోళ్ల చేతుల్లో పుట్టిందని చెబుతారు. అంతకు 80 ఏళ్ల ముందే, 1897లో, 20 మంది నల్లజాతి సైనికులు మోంటానా రాష్ట్రంలోని మిజూలా నుంచి సెయింట్ లూయిస్ దాకా 1,900 మైళ్లు సైకిళ్ల మీద పోయినారు. వానలో, బురదలో, మంచులో రాకీ పర్వతాలు దాటి 41 రోజుల్లో చేరినారు. ఆ కాలంలోనే అక్కడి సైకిలు సంఘం తెల్లోళ్లకు తప్ప సభ్యత్వం లేదని 1894లో తీర్మానం చేసింది. ఆ సంఘం కాదన్న నల్లోడు మేజర్ టేలర్ 1899లో మాంట్రియాల్‌లో ప్రపంచ విజేత అయినాడు. చివరికి 1932లో పేదరికంలో చచ్చిపోయినాడు. సైకిలు చక్రం అందరికీ ఒకే తీరుగా తిరుగుతుంది. తిరగనీయనిది జాతి గర్వం, కుల గర్వం.

మనలోనే కొందరు అడుగుతారు: "అయ్యా, భూమి లేదు, నీళ్లు లేవు, నౌకరీలు లేవు. ఈ సైకిలాట మనకెందుకు?" అడగాల్సిన మాటే. గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. 2020లో తాళ్లప్రొద్దుటూరులో నీళ్లు ఇండ్లలోకి వస్తుంటే జనం సామాన్లు మోసుకొని బయటపడినారు. ఇంటికి లెక్క కట్టినారు. కూలి దొరికే చేను మునిగితే కూలికి ఏం లెక్క కట్టినారు? ఇప్పుడు ఆ నీళ్ల అందమే, ఆ లోయ అందమే సరుకు. ఊర్లు పోగొట్టుకున్నోళ్లు ఒకరు, ఆ గట్టున నిలబడి ఫోటో దిగేటోళ్లు ఇంకొకరు. అందుకే ఇది ఆట మాటే కాదు, వాటా మాట. భూమిలో వాటా అడిగే నోటితోనే కొండలో వాటా అడుగుతాము.

సైకిలు మనకు ఏం చేస్తుందో బడిపంతుళ్లకు తెలుసు. ఊరికి, హైస్కూలుకు మధ్య దూరమే మన ఆడపిల్లల చదువును మింగేది. 1991, 92లలో తమిళనాడు పుదుక్కోటలో అక్షరాస్యత ఉద్యమం వేలాది మంది పేద ఆడోళ్లకు సైకిలు నేర్పింది. నవ్వినోళ్లు నవ్వినారు, వాళ్లు తొక్కినారు. మన రాష్ట్రంలో 'బడికొస్తా' పథకం కింద తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చినప్పుడు, మా బళ్లలో పిల్లలు వాటిని ఎంత భద్రంగా తుడుచుకున్నారో మేము చూసినాము. సైకిలున్న పిల్ల ఎవర్నీ బతిమాలకుండా తను పోవాల్సిన చోటికి తను పోతుంది. పెద్దకులాలకు నచ్చనిది అదే.

కాబట్టి మేము అడిగేది ఇది:

1. గండికోటలోని సాహస క్రీడల శిక్షణలో ముంపు ఊర్ల పిల్లలకు, చుట్టుపక్కల దళితవాడల పిల్లలకు మొదటి సీట్లు ఇవ్వాలి. అమ్మాయిలకు సగం.

2. సైకిళ్లు బాడుగకు ఇచ్చే అంగళ్లు, రిపేరు షాపులు, గైడు పనులు ఆ ఊర్ల నిరుద్యోగులకే ఇవ్వాలి. పెట్టుబడికి 2013 నాటి ఉప ప్రణాళిక చట్టం ఉంది. ఆ డబ్బును పక్కదోవ పట్టించకుండా ఇక్కడ పెట్టాలి.

3. కడప, కర్నూలు, నంద్యాల జిల్లాల్లోని ప్రతి సాంఘిక సంక్షేమ హాస్టలుకు, గురుకులానికి గేరు సైకిళ్లు, హెల్మెట్లు, నేర్పే మనిషిని ఇవ్వాలి. మంచి కొండసైకిలు 30, 40 వేల నుంచి మొదలవుతుంది. కూలిచేసే తల్లిదండ్రులు కొనలేరు.

4. పర్యాటకం పేరుతో కంచెలు వేసి మేకల దోవలు, కట్టెల దోవలు మూయకూడదు. ఆ దోవలు వేసినోళ్లే అక్కడ అతిక్రమణదారులు కాకూడదు.

5. ఏ ఊర్లోనైనా దళితుణ్ణి సైకిలు దిగమంటే జెడ్ఏ సెక్షన్ కింద కేసు కట్టాలి. పోలీసులు రాజీ పంచాయితీ చేయకూడదు.

అర్జీలు ఇద్దాం. ఇచ్చి ఊరుకోవద్దు. జమ్మలమడుగు నుంచి గండికోట 15 కిలోమీటర్లు. వచ్చే ఏప్రిల్ 14న, ఎండ ముదరకముందే, మన పిల్లలతో సైకిళ్ల మీద కోటకు పోదాం. పాత సైకిలైనా సరే, బాడుగ సైకిలైనా సరే. గాలి పంపు, పంచరు సామాను, తాగే నీళ్లు తెచ్చుకోండి. దోవలో పెద్దోళ్ల వీధులు వస్తాయి. ఏ వీధిలోనూ ఒక్కరు కూడా సైకిలు దిగొద్దు.

జై భీమ్!