పుల్లరి అడిగిన రాజు

కోవూరు దగ్గరి పాటూరు పేరు వింటే మగ్గాలూ చీరలూ గుర్తొస్తాయి. తిక్కన వంశానిది ఆ ఊరేనని ఇక్కడి పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటారు కూడా. తిక్కన మనకు అంత దగ్గరివాడు. ఆయన కొలిచిన రాజు మనుమసిద్ధి మాత్రం దూరమైపోయాడు. పెన్న అవతలి ఒడ్డున విక్రమసింహపురి, అంటే నేటి నెల్లూరు నుంచి 13వ శతాబ్దం నడుమ ఈ సీమను ఏలిన తెలుగుచోడుణ్ణి, ‘తిక్కనకు ఆశ్రయమిచ్చినవాడు’ అన్న ఒక్క మాటతో పాఠాల్లో దాటించేస్తున్నాం. అది అన్యాయం.

ఆయన ఏలుబడి ఏనాడూ నిలకడగా సాగలేదు. అక్కన, బయ్యన అనేవాళ్లు గద్దె లాక్కుంటే తిక్కనే ఓరుగల్లు వెళ్లి కాకతీయ రాజు గణపతిదేవుణ్ణి మెప్పించి, ఆయన సేనల అండతో రాజ్యం తిరిగి ఇప్పించాడని సిద్ధేశ్వరచరిత్ర చెబుతుంది. తిక్కనను ‘మామా’ అని పిలిచేంత చనువు మనుమసిద్ధిది. ఆ వరసతోనే కవితాకన్యను అడిగి నిర్వచనోత్తర రామాయణానికి కృతిభర్త అయ్యాడు. దక్షిణాది నుంచి జటావర్మ సుందరపాండ్యుడు దండెత్తి వచ్చి నెల్లూరులోనే వీరాభిషేకం చేసుకున్నదీ ఆ కాలంలోనే.

అసలు కథ పశువుల దగ్గర ఉంది. కరువుకు తాళలేక గొల్లల నాయకుడు కాటమరాజు తన ఆలమందలను నెల్లూరు సీమ బీళ్లకు తోలుకొచ్చాడు. మేపుకున్నందుకు పుల్లరిగా కోడెదూడలు ఇవ్వాలని ఒప్పందం. ఈలోగా రాజు మనుషులు ఆవులను చంపించారు. అలాంటప్పుడు పుల్లరి ఎందుకు కట్టాలన్నాడు కాటమరాజు. మాట పెరిగి కత్తుల దాకా వచ్చింది. పంచలింగాల దగ్గర పోరులో తిక్కన కవి దాయాది ఖడ్గ తిక్కన మొదట వెనుదిరిగి వస్తే, ఇంటి ఆడవాళ్లు స్నానానికి మంచం అడ్డుపెట్టి పసుపుముద్ద ఉంచారట. ఆ అవమానం భరించలేక మళ్లీ వెళ్లి ప్రాణమిచ్చాడు. అటువైపు యాదవ వీరులూ వరసగా నేలకొరిగారు. ఆవులను చంపిన చేతులను దండించకుండా పుల్లరికి పట్టుబట్టడం రాజు చేసిన తప్పేనని నా తీర్పు. కాపాడతానని మాట ఇచ్చినవాడికే పన్ను అడిగే హక్కుంటుంది.

రాజుల చరిత్ర మామూలుగా ఎలా నిలుస్తుందో చూడండి. కొరియా ప్రాచీన రాజు గ్వాంగేటో చనిపోయాక ఆయన కొడుకు 414లో ఆరు మీటర్లకు మించిన శిలాస్తంభం నిలిపి తండ్రి విజయాలను చెక్కించాడు. కొడుకు చెక్కించిన రాతిలో తండ్రి తప్పులు కనిపించవు. మన రాజు చరిత్ర అలా కాదు. ఒకవైపు కృతి అందుకున్న ప్రభువుగా కావ్యంలో ఉన్నాడు, మరోవైపు ఆయనతో పోరాడి చచ్చిన గొల్లల పక్షాన కొమ్ములవాళ్లు పాడిన కాటమరాజు కథల్లోనూ ఉన్నాడు. శత్రువు నోట కూడా నిలిచిన రాజులు ఎందరున్నారు? ఆ కథలను పరిశోధకుడు తంగిరాల వెంకట సుబ్బారావు ఏళ్ల తరబడి శ్రమించి సేకరించకపోతే సగం చరిత్ర మట్టిలో కలిసేది.

కోవూరు బడుల్లో తిక్కన జయంతి జరిపే ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటే. ఆ రోజు పద్యాలతో పాటు కాటమరాజు కథనూ పిల్లలకు వినిపించండి. పాడగలిగిన కొమ్ములవాళ్లు ఇంకా ఉంటే వేదిక మీదికి పిలిచి, తగిన సంభావన ఇచ్చి పంపండి.