నిదానమే ప్రధానము

నిదానము అనే మాటకు మన వాడుకలో రెండు అర్థములు ఉన్నవి. వైద్యశాస్త్రములో అది రోగకారణమును నిర్ణయించుట. మాధవుడనే వైద్యుడు రచించిన రోగనిర్ణయ గ్రంథమునకు మాధవనిదానమనే పేరు ఆ అర్థముతోనే వచ్చినది. ఇంట పెద్దలు పిల్లలను మందలించేటప్పుడు ఇదే మాటకు తొందరపడకుండుట అని అర్థము. ఈ రెండూ ఒకే మాటలో ఎట్లు చేరినవో భాషాశాస్త్రజ్ఞులు చెప్పగలరు. చేరుట మాత్రము సముచితముగా ఉన్నది. కారణము వెదకేవానికి తొందర పనికిరాదు గదా! మన పాఠశాలలలో ఈ రెండు నిదానములలో ఒక్కటియు తగినంతగా అలవడుటలేదని నా అభిప్రాయము. ఆ లోటు తీర్చగల సాధనము ఒకటి నేడు చాల ఇండ్లలో అటకమీద దుమ్ము పట్టి పడి ఉన్నది. అది పాత సి.డి. ప్లేయరు.

తెలుగు పాఠము చెప్పుకొనేవానికి యంత్రముల గొడవ ఎందుకని కొందరు నవ్వవచ్చును. నేను చెప్పబోయేది యంత్రమును గురించి మాత్రమే కాదు, దానిని బాగుచేసే బుద్ధిని గురించి. అయినను యంత్రమును తెలియక ఆ బుద్ధిని తెలిసికొనలేము గనుక మొదట దాని సంగతి కొంత చెప్పవలసి ఉన్నది.

ఫిలిప్స్, సోనీ సంస్థలు రెండును కలసి ఈ సంగీతపు బిళ్లకు కొలతలను 1980లో నిర్ణయించినవి. 1982 అక్టోబరు 1వ తేదీన జపానులో సోనీ వారి సి.డి.పి.-101 అనే యంత్రము అమ్మకమునకు వచ్చినది. ఫిలిప్స్ వారి సి.డి.-100 దాని వెనుకనే వచ్చినది. బిళ్ల అడ్డుకొలత 12 సెంటీమీటర్లు, మందము 1.2 మిల్లీమీటర్లు. దానిలో లోపలి అంచునుండి వెలుపలికి చుట్టలు చుట్టుకొంటూ పోయే జాడ ఒక్కటే ఉన్నది. ఒక చుట్టకును పక్క చుట్టకును నడుమ దూరము 1.6 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరును వెయ్యి భాగములు చేస్తే అందులో ఒకటిన్నరకు కొంచెము పైన. నిండుగా ఉన్న బిళ్లలోని జాడను సాగదీసి పరచినచో ఐదు కిలోమీటర్లు దాటుతుంది. జాడ పొడవునా సూక్ష్మమైన గుంటలు ఉంటవి. లేసరు కిరణము ఒకటి కటకము గుండా వెళ్లి ఆ గుంటలను చదువుతుంది. ఒక్కొక్క చెవికి సెకనుకు 44,100 సంఖ్యల చొప్పున ధ్వని రూపొందుతుంది. జాడ మీద చదువు ఒకే వేగమున సాగవలెను గనుక, బిళ్ల లోపలి అంచు దగ్గర నిమిషమునకు సుమారు 500 చుట్లు తిరిగి, వెలుపలి అంచుకు చేరేసరికి 200 చుట్లకు తగ్గుతుంది. బిళ్ల వెంట్రుకవాసి పైకి కిందికి ఊగినను కటకము దానితో పాటు ఊగుతూ చూపు తప్పకుండా నిలుస్తుంది.

ఇంత సున్నితమైన చదువు చిన్న గీత పడగానే ఏల చెడిపోదు? ఈ ప్రశ్న దగ్గరనే భాషాధ్యాపకుడు ఆగి చూడవలసిన విశేషము ఉన్నది. తాళపత్రములను పరిష్కరించే పండితుని తలచుకొనండి. పురుగు తిన్న చోట అక్షరము లేదు. కాని పద్యము ఉత్పలమాల అయినచో పాదమునకు 20 అక్షరములు ఉండవలెను, రెండవ అక్షరము ప్రాస, పదవ అక్షరము యతిస్థానము. ఈ నియమముల బలముచేత పోయిన అక్షరము గురువో లఘువో తెలుస్తుంది. యతిప్రాసల చోట ఏ వర్ణము ఉండదగునో కూడ తెలుస్తుంది. అర్థము తోడుపడగా అక్షరమే దొరుకుతుంది. ఛందస్సు పద్యమునకు అందమే కాదు, రక్ష కూడను. సి.డి.లో జరిగేది ఇదే. సంగీతమునకు కావలసిన సంఖ్యలతో పాటు, వానిని సరిచూచుకొనుటకు అదనపు సంఖ్యలను కూడ బిళ్లలో పొందుపరచినారు. 1960లో రీడ్, సాలమన్ అనే ఇద్దరు అమెరికా దేశపు గణితవేత్తలు ప్రచురించిన పద్ధతి దీనికి మూలము. అంతే కాదు, ఒక క్షణమునకు చెందిన సంఖ్యలను ఒకేచోట ఉంచక దూరదూరముగా చల్లినారు. విత్తనములన్నీ ఒకే గాదెలో పోయక పది గాదెలలో దాచిన రైతు తెలివి ఇది. అందువల్ల జాడవెంట సుమారు 2.5 మిల్లీమీటర్ల మేర చెడినను పోయినదానిని యంత్రము తిరిగి కట్టుకొనగలదు. అంతకు మించినచో ఇరుపక్కల విలువలను చూచి నడుమ విలువను ఊహిస్తుంది. అదియు సాగనప్పుడే మన చెవికి తప్పు వినబడుతుంది.

ఇందులో ఒక హెచ్చరిక కూడ ఉన్నది. పాట తడబడినట్లు మనకు వినబడేసరికి యంత్రము లోలోపల ఎన్నో తప్పులను దిద్దుకొని, కప్పిపుచ్చుకొని అలసిపోయి ఉంటుంది. లక్షణము కనబడుట రోగమునకు ఆరంభము కాదు. తరగతిలో కూడ ఇంతే. వార్షిక పరీక్షలో తప్పిన బాలుడు ఆనాడే తప్పలేదు.

ఇక చికిత్స సంగతి. నాకు తెలిసిన మంచి మరమ్మతుదారులెవరును యంత్రము రాగానే మరలు విప్పరు. మొదట నాలుగు ప్రశ్నలు వేస్తారు. ఏ బిళ్ల పెట్టినను ఇట్లే తడబడుతున్నదా, లేక ఒక బిళ్లయేనా? ఒకే బిళ్ల, అందులోను ఒకే చోట అయినచో దోషము బిళ్లది. దానిని మెత్తని గుడ్డతో నడుమనుండి అంచువైపు తిన్నగా తుడవవలెను. చుట్టూ తిప్పి తుడవరాదు. అడ్డముగా పడిన గీత ఒక్కొక్క చుట్టను కొంచెము కొంచెమే తాకుతుంది గనుక యంత్రము ఓర్చుకొంటుంది. జాడవెంట పడిన గీత ఒకేచోట చాల సంఖ్యలను మింగుతుంది. పేరు ముద్రించిన పైభాగమే గట్టిదని చాలమంది భ్రమ. కాంతిని తిప్పికొట్టే పలుచని లోహపు పొర ఆ ముద్రకు కిందనే ఉన్నది. అక్కడ పడిన గీతకు మందు లేదు.

అన్ని బిళ్లలకు ఇదే తంతు అయినచో దోషము యంత్రములో ఉన్నది. అప్పుడు సులభమైన కారణము మొదట, కష్టమైనది చివర అనే వరుసలో వెదకవలెను. దీపమే వెలుగలేదా? తీగ, ఫ్యూజు, విద్యుత్తు అందించే భాగము చూడవలెను. మోటారు చప్పుడు వినబడుతున్నను సొరుగు తెరచుకొనుటలేదా? లోపలి చిన్న రబ్బరు బెల్టు ఏండ్ల తరబడి సాగి పట్టు విడిచి ఉంటుంది. కొద్ది రూపాయల వస్తువు అది. ఆ కాస్త దానికై యంత్రమునే పారవేయుట ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకొనుట వంటిది. బిళ్ల లోపలికి పోయినది, కటకము రెండుమూడు మార్లు పైకి కిందికి కదలి చూపు కుదరక ఊరకుండినది, బిళ్ల లేదని తెరమీద కనబడినది. అప్పుడు కటకముపై దుమ్ము ఉన్నదేమో చూడవలెను. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కొంచెము తడిపిన దూదితో, పసిబిడ్డ కనురెప్పను తాకినంత మెల్లగా తుడవవలెను. ఆ కటకము సన్నని తీగల ఆధారముతో వ్రేలాడుచుండును. మొదటి పాటలు బాగుండి, ముందుకు పోయినకొద్దీ తడబడుతున్నదా? కటకమును మోసే బండి నడిచే కమ్ములపై పాత గ్రీజు గట్టిపడి ఉండవచ్చును. వేడెక్కిన తరువాతనే పాడుట, లేక వేడెక్కగానే ఆగుట జరుగుతున్నదా? టంకము పగిలిన అతుకులను, ఎండిపోయిన కెపాసిటర్లను అనుమానించవలెను.

ఈ పనికి నియమములు మూడు. ఒకసారి ఒక మార్పే చేయవలెను; రెండు చేసినచో ఏది గుణమిచ్చినదో తెలియదు. చేసిన ప్రతి పనిని కాగితముపై వ్రాయవలెను. వెనుకకు తీసికొనలేని పనిని చిట్టచివరకు ఉంచవలెను. లోపల లేసరు బలమును సవరించే చిన్న మర ఒకటి ఉంటుంది. ఆరంభకులు మొదట దానినే తిప్పుతారు. బలము పెంచగానే యంత్రము పాడుతుంది, తిప్పినవానికి సంతోషము కలుగుతుంది. ముసలి ఎద్దును ములుకోలతో పొడిచి నడిపించిన సంతోషము అది. లేసరు ఆయుర్దాయము తరిగిపోతుంది, అసలు కారణము లోపలనే ఉండిపోతుంది.

ఉపాధ్యాయులు ఈ సంగతిని తమ పనితో పోల్చి చూడవలెనని నా మనవి. వ్యాసపు నోటుపుస్తకములో ముప్పది తప్పులకు ముప్పది ఎర్రగీతలు గీయుట ఒక పద్ధతి. ఆ ముప్పదిలో ఇరువది ఒకే మూలమునుండి, ఒత్తులు పలుకుటలోని లోపమునుండియో, సంధి తెలియకపోవుటనుండియో పుట్టినవని కనుగొని ఆ ఒక్కదానిని దిద్దుట మరియొక పద్ధతి. మొదటిది శ్రమ, రెండవది నిదానము. విద్యార్థులకైనను అంతే. సమాధానములను కంఠస్థము చేసినవారు ప్రశ్న కొంచెము మారగానే నిలిచిపోతున్నారు. చెడిన యంత్రము ఎదుట కంఠపాఠము పనిచేయదు. అది మార్కులకొరకు దయతలచదు, మాటకారితనమునకు లొంగదు. ఊహ సరియైనచో పాడుతుంది, కానిచో ఊరకుంటుంది. సత్యమును ఇంత నిష్పక్షపాతముగా చెప్పే పరీక్షకుడు దొరకుట అరుదు.

ఫోనులో సమస్త సంగీతము దొరుకుచుండగా ఈ ప్రయాస ఎందుకని ఒక ఆక్షేపణ. సమస్తము దొరకదు. ఊరి ఉత్సవపు కచేరీ, పద్యనాటకము, ఇంటి పెద్దల మాటలు, ఇట్టివి కొందరు కొద్ది బిళ్లలలో మాత్రమే దాచుకొన్నారు. ఇండ్లలో వ్రాసుకొన్న బిళ్లలు అచ్చు బిళ్లలకన్న అల్పాయువులు. వానిని చదివే యంత్రములును పోయినచో ఆ గొంతులు పోయినట్లే. ప్రమాదము కాదా అని రెండవ ఆక్షేపణ. ప్రమాదము ఉన్నది. తీగ ఊడదీసిన తరువాతను కెపాసిటర్లలో విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది. లేసరు కిరణము కంటికి దాదాపు కనబడనిది, మూత తీసినప్పుడు కటకములోనికి చూడరాదు. కావుననే తెలిసిన పెద్దవారి ఎదుటనే ఈ పని జరుగవలెను. అన్నియు బాగుపడునా అని మూడవది. పడవు. లేసరు అరిగి, దానికి సరియైన మారుభాగము దొరకనప్పుడు యంత్రమును విడువవలసినదే. మంచి వైద్యుడు అసాధ్యమును అసాధ్యమని చెప్పగలవాడు కూడను.

అయితే బాగుపడదగినదానిని బాగుపడకుండ చేయుట వేరు. ఆ కాలపు తయారీదారులు చాలమంది మరమ్మతుదారులకై ప్రత్యేక పుస్తకములు అచ్చువేసినారు. వానిలో తీగల పటములు, భాగముల సంఖ్యలు, ఏ లక్షణమునకు ఎక్కడ వెదకవలెనో తెలిపే వరుసలు ఉన్నవి. నేటి వస్తువులు కొన్నింటిని జిగురుతో అతికించి, విప్పినచో పగిలేటట్లు చేస్తున్నారు. 2022 డిసెంబరులో మన కేంద్ర ప్రభుత్వము వినియోగదారులకై మరమ్మతు హక్కు వేదికను ప్రారంభించినది. 2024లో ఐరోపా సమాఖ్య మరమ్మతును ప్రోత్సహించే శాసనము చేసినది. ఇవి మెచ్చదగినవి. కాని హక్కును వాడుకొనే చేతులు లేనిచో శాసనము కాగితముగనే మిగులుతుంది. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి చోట్ల విడిభాగములు వెదకి తెచ్చి పనిచేసే నేర్పరులు ఇంకను ఉన్నారు. వారిలో పెక్కుమందికి వయసు మీరుచున్నది. వారి విద్య పుస్తకములకు ఎక్కలేదు. వారి వెనుక నేర్చేవారు కనబడుటలేదు.

కనుక నా సూచన ఇది. ప్రతి ఉన్నత పాఠశాలయు నెలకు ఒక పూట ఈ పనికి కేటాయించవలెను. ఊరిలోని మరమ్మతుదారుని పిలిచి, గౌరవవేతనమిచ్చి, ఉపాధ్యాయుని కుర్చీలో కూర్చుండబెట్టవలెను. విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయుడు పక్కన నిలిచి కారణములు వివరించవలెను. తెలుగు ఉపాధ్యాయుడు ఆ లక్షణములను, ఊహలను, ఫలితములను పిల్లలచేత చక్కని తెలుగులో వ్రాయించవలెను. ఊహాలోకపు వ్యాసములకన్న అది వారి భాషకు మేలు చేస్తుంది. ఖర్చు విశేషముగా ఉండదు. అటకలమీది యంత్రములను తెమ్మన్నచో పిల్లలు తామే తెస్తారు. వానిలో సగము పాడకపోయినను నష్టము లేదు. ఎందుకు పాడలేదో కారణముతో సహా చెప్పగల పిల్లలు ఒక్కొక్క తరగతిలో పదిమంది తేలినను, ఆ పూట వృథా పోలేదని మనము నిశ్చయించుకొనవచ్చును.