పొట్టి చిత్రములు: ప్రజల సొత్తు

సినిమా హాలులో అసలు ఆటకు ముందు సర్కారువారి పొట్టి చిత్రమొకటి తప్పక చూపవలెనను కట్టుబాటు మన దేశమున చాలకాలముండెను. ఆ పది పదునైదు నిమిషములలో జనులేమి చేయుచుండిరో పెద్దలనడిగిన చెప్పుదురు. సోడా త్రాగువారు సోడా త్రాగుచుండిరి, బీడీ కాల్చువారు బీడీ కాల్చుచుండిరి; కథ మొదలగు వేళకు లోనికి వచ్చుచుండిరి. నాడు నిర్బంధముగా చూపినను చూడనివానిని నేడు ఇంట కూర్చుండి, కాసు ఖర్చు లేక, యూట్యూబులో చూడవచ్చును. అయినను చూచువారెందఱు?

1948లో ఏర్పడిన ఫిలిమ్స్ డివిజను వేలకొలది లఘుచిత్రములను నిర్మించినది. అందు పెక్కులు ఆనకట్టలకును, కుటుంబనియంత్రణమునకును చాటింపులేయని మేమును ఒప్పుకొందుము. విసుగు పుట్టించునవియు కొల్లలు. కాని 1965 ప్రాంతమున జాఁ భావ్‌నగరి ఆ సంస్థకు సలహాదారుగా వచ్చినపుడు కొందఱు దర్శకులకు ఊపిరి తిరిగినది. 1967లో ఎస్. ఎన్. ఎస్. శాస్త్రి తీసిన 'ఐ యామ్ ట్వెంటీ' ఆ కాలపు ఫలమే. స్వాతంత్ర్యము వచ్చిన యేటనే పుట్టిన యువతీయువకులను వెదకి, మీ యాశలేమి, ఈ దేశమును గూర్చి మీరేమి తలంచుచున్నారని యడిగి, వారి మాటలనే చిత్రముగా కూర్చినాడాయన. ఉత్సాహముతో పలికినవారి ప్రక్కనే విసిగినవారి మాటయు నున్నది. ప్రభుత్వ ధనముతో తీసిన చిత్రమున ఆ విసుగు కత్తెరపాలు గాక నిలిచినది. స్వరాజ్యమనగా నేమో తెలియగోరువారు ఇరువది నిమిషములు వెచ్చించి దానిని చూతురుగాక.

మఱుసటి యేట ఆ దర్శకుడే 'అండ్ ఐ మేక్ షార్ట్ ఫిలిమ్స్' అను పేర తన వృత్తినే తాను ప్రశ్నించుకొనెను. అదే యేట ప్రమోద్ పతి తీసిన 'ఎక్స్‌ప్లోరర్' అర్థమైనదని మేము బొంకము. చూచిన పిదప కన్నులు మూసికొన్నను అది కదలుచునే యుండును. ఫాలీ బిలిమోరియా తీసిన 'ది హౌస్ దట్ ఆనంద బిల్ట్' ఆస్కారు తుది జాబితాకెక్కినది. విజయా మూలే 1974లో పిల్లలకై తీసిన 'ఏక్ అనేక్ ఔర్ ఏకతా'ను దూరదర్శన్ కాలపు బాలురు నేటికిని మఱువలేదు.

ఇవి యన్నియు దొరకుచునే యున్నవి. కాని పేరు తెలిసినవానికి మాత్రమే. యూట్యూబు యంత్రము మన అభిరుచిని పెంచు గురువు కాదు. నిన్న చూచినదానివంటిదానినే నేడును వడ్డించు వంటవాడది. దాని వడ్డనకై కాచుకొన్నవారికి శాస్త్రియు, పతియు ఎన్నడును ఎదురుపడరు. చిత్రము పేరు తెలియనిచో దర్శకుని పేరుతో వెదకవలెను. ఒక చిత్రము నచ్చెనేని దాని తుదినుండు పేర్ల పట్టికను దాటవేయక చదివి, ఛాయాగ్రాహకుని, కూర్పరిని పట్టుకొని మఱియొక చిత్రమునకు పోవలెను. మేము చేయుచున్నదిదియే.

ఇంగ్లీషు రాని తెలుగువాడేమి చేయవలెను? ఫిలిమ్స్ డివిజను తన చిత్రములకు తెలుగు వ్యాఖ్యానములను గూడ చేయించెడిది. అందులకైన వ్యయము ప్రజలదే. 2022లో ఆ సంస్థ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైనది. కావున బాధ్యతయు దానిదే. తెలుగు ప్రతులను వెలికిదీసి, తెలుగు లిపిలో పేరు, దర్శకుడు, సంవత్సరము చేర్చి అందఱికిని అందుబాటున నుంచవలెనని మేము కోరుచున్నాము. ఇది దానము కాదు, మన సొత్తును మనకప్పగించుటయే.

ఈ కోరిక కాలక్షేపమునకై కాదు. మన కుఱ్ఱవాండ్రు నేడు పొట్టి చిత్రములతోనే పలకాబలపము పట్టుచున్నారు. 'సైన్మా' వంటి లఘుచిత్రములు తీసిన తరుణ్ భాస్కర్ 2016లో 'పెళ్ళి చూపులు' తీసి జాతీయ పురస్కారమందుకొనెను. అట్టివారు ఇంకను వచ్చుచున్నారు. వారిలో చాలమంది చూచి నేర్చుకొనునది తోటివారి చిత్రములనే; తమకు అర్ధశతాబ్దము ముందే ఈ దేశముననే ఇంత సాహసముతో కెమెరా పట్టినవారుండిరని వారికి చెప్పువారు లేరు. మన కళాశాలలలో చలనచిత్ర సంఘములున్నవి. వారమునకొక సాయంకాలము, ఒక తెర, రెండు పొట్టి చిత్రములు, ఆపైన ఒక గంట వాదోపవాదము. ఇందులకు ఏ నిధియు అక్కఱలేదు. తలుపు తాళము తీయు అధ్యాపకుడొకడు చాలును.