పరిశోధకులను సైటులోకి రానివ్వండి

నిర్మాణ శాస్త్రంలో పీహెచ్‌డీ చేసే విద్యార్థికి కాంక్రీటు దిమ్మలతోనే సహవాసం. 150 మిల్లీమీటర్ల దిమ్మలు పోత పోయాలి, 28 రోజులు నీళ్లలో నాననివ్వాలి, యంత్రం కింద పగిలేదాకా నొక్కి బలం లెక్కగట్టాలి. అయితే విశాఖ ఉప్పుగాలికి కాంక్రీటు లోపలి ఇనుము ఎన్నేళ్లకు తుప్పు పడుతుందో ఆ దిమ్మ చెప్పదు. అందుకు ఏళ్ల తరబడి ఓపిక కావాలి, నిజమైన కట్టడమూ కావాలి.

ఆ ఓపిక ఫలితమే ఎల్‌సీ3 సిమెంటు. ఇందులో మామూలు సిమెంటుకు మూలమైన క్లింకరు సగమే. మిగతాది ఎక్కువగా కాల్చిన బంకమన్ను, సున్నపురాయి పొడి. కర్బన ఉద్గారాలు 40 శాతం దాకా తగ్గుతాయి. స్విట్జర్లాండ్‌ పరిశోధకులతో కలిసి ఢిల్లీ, మద్రాసు ఐఐటీలు దీని మీద ఏళ్లపాటు శ్రమించాయి. 2023లో మన దేశంలో దీనికి ప్రత్యేక ఐఎస్ ప్రమాణం వచ్చింది.

ఇలాంటి పరిశోధన చేసే విద్యార్థులకిచ్చే జేఆర్‌ఎఫ్‌ భృతిని 2023 జనవరి నుంచి నెలకు 31,000 నుంచి 37,000 రూపాయలకు పెంచారు. మంచిదే. కానీ డబ్బు ఒక్కటే చాలదు. ఎంత పని కూల్చి మళ్లీ చేశారు, సారువ మీంచి కూలీ ఎందుకు జారిపడ్డాడు, వర్షాకాలంలో ఎన్ని రోజులు పని ఆగింది: ఈ లెక్కలు ల్యాబులో దొరకవు. అవన్నీ కాంట్రాక్టరు రిజిస్టర్లలోనే ఉంటాయి.

ప్రజాధనంతో కట్టే వంతెనలు, ఆసుపత్రులు, ఇళ్ల కాలనీల టెండర్లలోనే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఒక షరతు చేర్చాలి: పరిశోధకులకు సైటు ప్రవేశం ఇవ్వాలి, కార్మికుల పేర్లు తీసేసి ఆ లెక్కలు అందించాలి. వరంగల్ ఎన్‌ఐటీ, హైదరాబాద్ ఐఐటీ దగ్గర్లోని పనులతోనే మొదలుపెట్టవచ్చు.