టైల్స్ ధర అడుగుతాం, కింద మన్ను సంగతి అడగం

ఈరోజు పంట సంగతి కాదు, ఇంటి నేల సంగతి.

నాలుగు డబ్బులు చేతికొచ్చిన ఏడు మనం చేసే పని, పాత తాడిపత్రి బండల మీద టైల్స్ వేయించడం. నేనూ అదే చేసినా. మా నాయన కట్టిన ఇల్లు. శెనక్కాయ మూటలు పెట్టే చోట బండలు అంగుళంన్నర దిగినాయి. "సిమెంటు మందంగా వేస్తే సరిపోతుందిలే" అన్నాడు మేస్త్రి. సరే అన్నా. ఏడాది తిరక్కముందే టైల్స్ తట్టి చూస్తే డొల్ల శబ్దం. ఒకటి లేచింది. దానికి కాలు తగిలి మా అమ్మ పడింది, తుంటి ఎముక విరిగింది. ఆపరేషను ఖర్చు టైల్స్ ఖర్చుకు మూడింతలయింది.

తవ్వి చూస్తే కింద అంతా పందికొక్కుల బొక్కలు. శెనక్కాయల కోసం వచ్చినవి. లోపల బోలుగా ఉంటే పైన ఎంత సిమెంటు పోసి ఏం లాభం?

అందుకే చెప్తున్నా, టైల్స్ కంటే ముందు అడుగు చూసుకోండి. పాత బండలు లేపండి. బొక్కలు చివరిదాకా తవ్వి రాళ్లు, గరుసు వేసి గట్టిగా కూరండి. రేగడి నేల అయితే వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఆ మన్ను తీసేసి గరుసు పోయించండి. అర అడుగు పోసి, తడిపి, దిమ్మిస కొట్టి, ఆ తర్వాతే ఇంకో అర అడుగు.

మనం తప్పు చేసేది ఇక్కడే. బోరు ఎండింది, ట్యాంకరు కొనాల కదా అని పొడి మన్నే పోసి తొక్కేస్తాం. పొడి మన్నులో సందులు మిగులుతాయి, ఎప్పుడో తడి తగిలితే దిగిపోతుంది. ట్యాంకరు డబ్బులు మిగిలించి టైల్స్ పోగొట్టుకుంటాం.

మట్టం కంటితో చూడొద్దు. సన్న పైపులో నీళ్లు పోసి, గాలి బుడగ లేకుండా చూసి, గోడలన్నిటికీ ఒకే మట్టంలో గీత కొట్టించండి. గీత నుంచి కిందికి టేపు పెడితే మిట్ట ఎక్కడో, పల్లం ఎక్కడో తెలిసిపోతుంది. స్నానాల గదికి మాత్రం తూము వైపు వాటం వదలాల.

"ఇంత కూలి ఎక్కడ తెచ్చేది?" అంటారు. నిజమే. డబ్బు చాలకపోతే టైల్స్ మానండి, అడుగు పని మానొద్దు. లేపిన బండలే తిరిగి పరచుకోవచ్చు. నేను రెండోసారి అదే చేసినా, ఇంతవరకు ఒక్క బండ కదల్లేదు.

చేను చదును చేయకుండా విత్తనం వేయం కదా? ఇల్లూ అంతే. మా అమ్మ ఇప్పుడు కట్టె పట్టుకుని నడుస్తాంది. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఆ గతి రానీయొద్దు.