ఆ మొదటి అఫిడవిట్ ఎవరు దాచారు?

లెనార్డ్ పెల్టియర్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. 1975 జూన్ 26న అమెరికాలోని పైన్ రిడ్జ్‌లో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. జో స్టంట్జ్ అనే ఆదివాసీ యువకుడూ చనిపోయాడు, ఆ చావుకి మాత్రం ఎవరి మీదా కేసు లేదు.

1976లో పెల్టియర్ కెనడాలో దొరికాడు. అప్పగించమంటూ అమెరికా ఒక లకోటా మహిళ అఫిడవిట్లు కోర్టులో పెట్టింది. కాల్చడం కళ్ళారా చూశానని వాటిలో ఉంది. అంతకు కొద్దిరోజుల ముందే, తాను అసలు అక్కడ లేనని ఆమె ఇచ్చిన మొదటి అఫిడవిట్‌ను జడ్జికి చూపనే లేదు. అప్పీలూ పోయింది. ఎఫ్‌బీఐ బెదిరించి సంతకం పెట్టించుకుందని ఆమె తర్వాత చెప్పింది.

పెల్టియర్ తప్పు చేశాడా లేదా అన్నది వేరే చర్చ. అప్పగింత విచారణలో సాక్షి బోనెక్కడు, కాగితాలే మాట్లాడతాయి. మరి ఆ కాగితాలే ఏరి పెడితే?

2006లో కెనడా సుప్రీంకోర్టు, నమ్మలేని సాక్ష్యాన్ని జడ్జి పక్కన పెట్టొచ్చంది. మంచిదే. కానీ అదే కోర్టు 2001లో చెప్పినట్టు, అడిగే దేశం తాను ఆధారపడే కాగితాలు చూపితే చాలు. దాచింది ఏంటో తెలియని జడ్జి దేన్ని పక్కన పెడతాడు? తనకు వ్యతిరేకంగా ఉన్న కాగితం కూడా పెట్టాలనే రూలు కావాలని అడగాలి మనం. పెల్టియర్ జైలు గేటు దాటింది 2025 ఫిబ్రవరిలో, 80 ఏళ్ల వయసులో, అదీ గృహ నిర్బంధానికి.