పాత ఇల్లు కూలగొట్టే ముందు అటుక మీద చూడండి

కొంచెం పెద్ద పోస్టు. అమీర్‌పేటలో క్లాసుకీ క్లాసుకీ మధ్య చాయ్ తాగుతూ చదివేది కాదు, రాత్రి హాస్టల్‌కి పోయాక తీరిగ్గా చదవండి.

మేము ముగ్గురం ఒకే ఇంటి పిల్లలం, అన్నదమ్ముల బిడ్డలం. ఇద్దరం అమీర్‌పేటలో కోచింగ్‌లో ఉన్నం, చెల్లె పంజాగుట్టలో ఉద్యోగం. మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక కోయ గూడెం. పోయినేడు తాత చనిపోయాడు. ఆయన కట్టిన పెంకుటిల్లు మా చేతికి వచ్చింది. ఇందిరమ్మ ఇల్లు 5 లక్షలు మంజూరైతే, పాతది తీసేసి స్లాబ్ వేద్దామని అందరం ఒప్పుకున్నం.

పెంకులు దించుతుంటే అటుక మీద, ఇప్పపువ్వు దాచే గుమ్మి వెనక, ఒక రేకు పెట్టె దొరికింది. అందులో పాత గుడ్డలో చుట్టిన నాలుగు కాగితాలు, అన్నీ ఉర్దూలో. "పనికిరానివి, పొయ్యిలో వెయ్యండి" అన్నాడు చిన్నాయన. చెల్లె వినలేదు. నోట్‌బుక్కులో పెట్టుకొని పంజాగుట్టకు తెచ్చింది.

మా హాస్టల్ కింద జిరాక్స్ షాపు భాయ్ వాటిని వాళ్ళ నాన్నకు చూపించాడు. ఆ పెద్దాయన పది నిమిషాల్లో చదివి చెప్పాడు. భూమి శిస్తు కట్టిన రశీదులు. ఒకదాని మీద 1357 ఫసలీ అని ఉంది. ఫసలీకి 590 కలుపుకోవాలట, అంటే 1947. పేరు మా ముత్తాతది. ఊరి పేరు మాత్రం మా ఊరిది కాదు.

ఇంట్లో చిన్నప్పటి నుంచి 'పాతూరు' అనే మాట వింటూనే ఉన్నం. అడవి లోపల నాలుగు చింతచెట్లున్న చోటు. మేక తప్పిపోతే "పాతూరు దిక్కు పోయిందేమో చూడు" అనేవాళ్ళు. అది నిజంగా ఊరని, మనుషులున్న ఊరని ఒక్కరం కూడా అనుకోలేదు. నాయనమ్మకు ఫోన్ చేస్తే మొదట తెలియదంది. రెండోసారి ఏడ్చింది. మూడోసారి కోయలో అంతా చెప్పింది, మేము రికార్డ్ చేసుకున్నం.

తెలంగాణ సాయుధ పోరాటం అంటే మనకు పరీక్షల్లో వచ్చే బిట్లు. 1946లో మొదలైంది, 1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు. కానీ పోరాటం 1951 అక్టోబర్ దాకా నడిచింది. దళాలు గోదావరి అడవుల్లోకి, అంటే మనోళ్ళ మధ్యకు వచ్చాయి. వాళ్ళకు తిండి, కబురు అందకుండా చెయ్యాలని అడవిలో చెదురుమదురుగా ఉన్న కోయ గూడేలను ఖాళీ చేయించి క్యాంపుల్లోకి, పెద్ద ఊళ్ళలోకి తోలారు. పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో దీని గురించి రాశారు. మలయాలో 1950లో ఇంగ్లీషోళ్ళు బ్రిగ్స్ ప్లాన్ పేరుతో చేసింది కూడా ఇట్లాంటి పనే. మలయా గురించి మేము కోచింగ్ మెటీరియల్‌లో చదివినం, మా ఊరి గురించి చదవలేదు.

నాయనమ్మకు అప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. గుడిసెలు కాలుతుంటే వెనక్కి చూడొద్దని వాళ్ళమ్మ తల వంచి నడిపించిందట. ఇప్పుడు మేము 'మా ఊరు' అంటున్నది ఆ రోజు తోలుకొచ్చి పడేసిన చోటే. తాతకు ఒక తమ్ముడున్నాడు, క్యాంపులో వాంతులు బేదులతో పోయాడు. ఆ మనిషి ఒకడున్నాడనే మాకు తెలియదు. చివరగా చెప్పింది ఇంకా కష్టమైన మాట. తాతను ముందు నడిపించి క్యాంపోళ్ళు అడవిలో దారి చూపించుకున్నారు. అదే తాత రాత్రిపూట దళానికి జొన్నలు మోసిండు. "పగలు వీళ్ళకు దారి, రాత్రి వాళ్ళకు కూడు. లేకపోతే బతకనిస్తారా?" అంది.

ఇది విన్నాక మా ముగ్గురికే గొడవైంది. దారి చూపించిన మాట తీసేసి మిగతాది చెప్పుకుందాం, పరువు పోతుంది అని ఒకరు. అట్లా తీసేస్తే మిగిలేది మన తాత కాదు అని చెల్లె. రెండు వారాలు సరిగ్గా మాట్లాడుకోలేదు. ఇప్పుడు మా ముగ్గురి అభిప్రాయం ఒకటే: అంతా చెప్పాలి. రెండు తుపాకుల మధ్య ఇరవై ఏళ్ళు నిండని పిల్లగాడు చేసినదానికి, అమీర్‌పేటలో ఫ్యాన్ కింద కూర్చొని మనం ద్రోహి అనో వీరుడనో ముద్ర వెయ్యడం న్యాయం కాదు. మన సంఘాల్లో కూడా దళంలో పోయిన తాతలకే దండలు పడతాయి. దారి చూపించినోళ్ళ ఇళ్ళు గూడేనికి ఒకటైనా ఉంటాయి, వాళ్ళు నోరు విప్పరు.

ఈ మౌనానికి మనం భూమితో కూడా ధర కడుతున్నం. తెలంగాణలో భూమి తగాదా వస్తే ముందు వెతికేది 1954-55 ఖాస్రా పహాణీ. అంతకు నాలుగైదేళ్ళ ముందే మనోళ్ళను అక్కడి నుంచి లేపేశారు. మనిషి లేని చోట మనిషి పేరు ఎవరు రాస్తారు? అందుకే అంతకు ముందటి కాగితం ఒక్కటి దొరికినా అది బంగారం. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఎం) చూడండి. 2005 డిసెంబర్ 13కు ముందు, పునరావాసం ఇవ్వకుండా అటవీ భూమి నుంచి అక్రమంగా వెళ్ళగొట్టిన ఆదివాసీలకు అక్కడే పునరావాసం, లేదంటే వేరే భూమి అడిగే హక్కు ఉంది. పోడు పట్టాల గురించి అందరం మాట్లాడతాం, ఈ సెక్షన్ మాట మాత్రం మా చెవిన పడలేదు. సాక్ష్యాలు ఒకటికి మించి ఉండాలి. పాత రశీదులు, ఇంటి గుర్తులు, దరఖాస్తుదారు కాని పెద్దల మాట రాతలో పెట్టింది, ఇవన్నీ పనికొస్తాయి. దావా మొదలయ్యేది గ్రామసభలో. మాకు వస్తుందో రాదో తర్వాత సంగతి. కాగితం పొయ్యిలో పడితే అడగడానికే ఉండదు.

ఇంకో మాట. ఈ ఇంట్లో చెల్లెకు భాగం లేదని చిన్నాయన అంటున్నాడు, 'మన ఆచారం' అని. హిందూ వారసత్వ చట్టం మనకు వర్తించదు, నిజమే. కానీ 2025 జూలైలో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్‌లోని ఒక గోండు కుటుంబం కేసులో ఆడబిడ్డల వారసులకు సమాన వాటా ఇచ్చింది. అయినా కోర్టు దాకా ఎందుకు, కాగితాలు కాపాడింది ఎవరో చూస్తే చాలదా?

ఇల్లు కూల్చడం ఆపినం. నిట్టాడు, దూలాలు అట్లాగే ఉన్నయి, స్లాబ్ పక్క జాగాలో వేస్తున్నం. తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది, అమీర్‌పేట నుంచి మెట్రోలో నేరుగా పోవచ్చు. వచ్చే నెల ముత్తాత ఊరి పేరు పట్టుకొని అక్కడికి పోతున్నం. ఉర్దూ చదవడం వచ్చినోళ్ళు మనలో ఎవరైనా ఉంటే తోడు రండి. సంక్రాంతికి నాయనమ్మ పాతూరు చూపిస్తానంది. నడవలేదు, ట్రాక్టర్ పోయే దాకా పోయి, అక్కడి నుంచి మంచం మీద మోసుకుపోవాలి. నలుగురు కావాలి, ఇద్దరమే ఉన్నం.